ఎండలో అచ్చయిన బొమ్మలు

రాజా దీనదయాళ్ తీసిన నిజాం కాలపు ఫొటోలు చూసినప్పుడల్లా ఆయన చూపును మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసిందే. నా ధ్యాస మాత్రం ఆ బొమ్మను కాగితం మీదికి దించిన చేతుల మీదే ఉంటుంది.

1880లు, 90ల నాటి ఆయన ప్రింట్లలో చాలావరకు కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద వేసినవే. 1850లో ఫ్రాన్స్‌లో బ్లాంకార్ ఎవ్రార్ ప్రకటించిన పద్ధతి అది. తెల్లసొనలో ఉప్పు కలిపి గిలక్కొట్టి, తేరుకున్నాక వడకట్టి, పల్చటి కాగితాన్ని ఒకవైపే తడిసేలా దాని మీద తేలేస్తారు. ఆరాక సిల్వర్ నైట్రేట్ మీద మళ్లీ అలాగే. తర్వాత గాజు నెగటివ్‌కు ఆనించి, చట్రంలో బిగించి వెలుతురులో పెడతారు. నెగటివ్ ఎంతుంటే బొమ్మా అంతే. ఆ రోజుల్లో ఈ కాగితం తయారీకి జర్మనీలోని డ్రెస్డెన్ పెట్టింది పేరు.

అసలు పనితనమంతా ఆ చట్రం దగ్గరే. నేనూ ఈ పద్ధతిలో ప్రింట్లు వేస్తాను కనుక చెబుతున్నాను. చట్రం వెనక చెక్క రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్క తీసి కాగితం ఎత్తి చూసినా, రెండోది దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. నెగటివ్ దట్టంగా ఉంటే ఎండలో, పల్చగా ఉంటే నీడలో పెట్టాలి. బొమ్మ వంకాయ రంగు తిరిగి, ముదిరి, కళ్లకు నచ్చే ఘడియ ఒకటి వస్తుంది. అక్కడ ఆపకూడదు. బొమ్మను నిలిపే ద్రావణం, హైపోలో పడగానే రంగు దిగిపోతుంది. కోటు మడతలు నీడలో కలిసిపోయి, ఇక చెడిపోయిందేమో అనిపించేదాకా ఉంచాలి. మబ్బు కమ్మితే లెక్కంతా మారిపోతుంది. ఆ అంచనా చేతికి పట్టుబడ్డవాణ్ణి కళాకారుడనే అంటాను నేను.

హైపోకు ముందు గోల్డ్ క్లోరైడ్‌లో వేస్తే ఇటుక రంగు చల్లబడి ఊదా గోధుమకు తిరుగుతుంది, బొమ్మకు ఆయుష్షూ పెరుగుతుంది. చివరగా కడగడం. నీళ్లకు పిసినారితనం చేస్తే హైపో మిగిలిపోయి, కొన్నేళ్లకు బొమ్మ పాలిపోతుంది.

1894లో ఆరో నిజాం దీనదయాళ్‌కు ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చాడు. ఆయన సికింద్రాబాద్ స్టూడియోలో ప్రింట్లు వేసినవాళ్ల పేర్లు మాత్రం ఆ ఫొటోలు అంటించిన అట్టల మీద లేవు. ఉండవలసింది.

మీ ఇంటి పాత పెట్టెలో అట్టకు అంటించిన గోధుమ రంగు ఫొటో ఉంటే ఏటవాలు వెలుతురులో పట్టి చూడండి. పైన సన్నటి మెరుపు, నెర్రెలు, భూతద్దం పెడితే లోపల కాగితం నారలు కనబడతాయి. దయచేసి దానికి ల్యామినేషన్ మాత్రం చేయించకండి.