అనుకున్నదేమిటో ముందు చెప్పండి

ఒక వాదన చదివేటప్పుడు, ముగింపు ఒప్పా తప్పా అన్నది తేల్చుకునే ముందు చూడవలసింది ఒకటుంది. రచయిత దేన్ని నిరూపించాడు, దేన్ని నిరూపించకుండానే తీసుకున్నాడు? ఆ రెండోదాన్ని ఎక్కడ, ఎలాంటి మాటలతో చెప్పాడన్నదాన్ని బట్టే అతన్ని ఎంతవరకు నమ్మవచ్చో తెలుస్తుందని నా అభిప్రాయం. ఇంగ్లిష్‌లో మూడు శతాబ్దాలుగా పెరిగిన వాద రచనలో ఈ పనికి గొప్ప నమూనాలున్నాయి, చెడ్డ నమూనాలూ ఉన్నాయి. చెడ్డవాటిలో ఒకటి నేరుగా వచ్చి మన బడుల మీదే పడింది.

ముందు మంచిదాన్ని చూద్దాం. 1817లో అచ్చయిన తన అర్థశాస్త్ర గ్రంథంలో డేవిడ్ రికార్డో విదేశీ వ్యాపారం మీద ఒక అధ్యాయం రాశాడు. ఇంగ్లండులో కొంత బట్ట తయారు చేయడానికి ఏడాదికి 100 మంది శ్రమ, కొంత ద్రాక్షసారా తీయడానికి 120 మంది శ్రమ పడుతుందనుకుందాం అంటాడు. పోర్చుగల్‌లో అదే సారాకు 80 మంది, అదే బట్టకు 90 మంది చాలు. రెండింటిలోనూ పోర్చుగల్‌దే పైచేయి. అయినా పోర్చుగల్ సారా మీదే దృష్టి పెట్టి, బట్ట ఇంగ్లండు నుంచి తెప్పించుకుంటేనే ఇద్దరికీ లాభమని తేలుస్తాడు. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా మిగిలినవి ఈ నాలుగు అంకెలే. వాటి పక్కనే రికార్డో రాసిన మరో మాట చాలాచోట్ల రాలిపోయింది. పెట్టుబడి ఒక దేశం లోపల లాభం ఎక్కువున్న చోటికి పోతుంది గానీ దేశాల మధ్య అంత తేలిగ్గా కదలదన్నది తన లెక్కకు ఆధారమని ఆయన దాచలేదు. అలా కదిలేదే అయితే సారా, బట్ట రెండూ పోర్చుగల్‌లోనే తయారు చేయడం ఇంగ్లండు పెట్టుబడిదారులకు లాభమని తానే ఒప్పుకున్నాడు. సొంత గడ్డను, అలవాటైన చట్టాలను వదిలి డబ్బును పరాయి దేశంలో పెట్టడానికి మనుషులు జంకుతారని కారణమూ చెప్పాడు. పెట్టుబడి గంటల్లో ఖండాలు దాటే ఈ రోజుల్లో స్వేచ్ఛా వ్యాపారాన్ని ప్రశ్నించే ఆర్థికవేత్తలు పట్టుకునేది ఈ భాగాన్నే. తనను ఓడించడానికి కావలసిన ఆయుధాన్ని ఆయనే తీసి బల్లమీద పెట్టాడు. వాదన రాసేవాడి నిజాయితీకి ఇంతకంటే మంచి కొలమానం నాకు కనిపించదు.

శాస్త్రజ్ఞుల రాతల్లో ఇదే సంగతి ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 1859లో అచ్చయిన తన పరిణామ సిద్ధాంత గ్రంథంలో డార్విన్, ఇంగ్లండు దక్షిణాన వీల్డ్ ప్రాంతం కోసుకుపోవడానికి 30 కోట్ల సంవత్సరాలు పట్టి ఉంటుందని లెక్కగట్టాడు. 500 అడుగుల ఎత్తున్న కొండచరియను సముద్రం నూరేళ్లకు ఒక అంగుళం చొప్పున తింటుందన్న ఊహ మీద ఆ లెక్క నడిచింది. ఊహ బయటే ఉంది కాబట్టి విమర్శకులు నేరుగా దాని మీదికే వెళ్లారు. 1861 నాటి మూడో ముద్రణకల్లా డార్విన్ ఆ లెక్కనే తీసేశాడు. కానీ పరిణామ సిద్ధాంతానికి ఏమీ కాలేదు, ఎందుకంటే దాని బరువు ఆ అంకె మీద లేదు. తర్వాత లార్డ్ కెల్విన్‌గా పేరుపడిన విలియం థామ్సన్ 1862లో భూమి వయసు 2 కోట్ల నుంచి 40 కోట్ల సంవత్సరాల మధ్య ఉంటుందన్నాడు. కరిగిన స్థితి నుంచి భూమి గట్టిపడి, లోపలి వేడి రాతి గుండా మెల్లగా బయటికి పాకుతోందన్నది ఆయన ఆధారం. మహా వేడిలో రాళ్లు వేడిని ఎలా ప్రసరింపజేస్తాయో మనకు సరిగా తెలియదని, అందుకే అంత విశాలమైన హద్దులు పెడుతున్నానని ఆ వ్యాసంలోనే రాశాడు. ముప్పై ఏళ్లు దాటాక, 1895లో, ఒకప్పుడు ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన జాన్ పెర్రీ సరిగ్గా ఆ సందులోంచే లోపలికి వెళ్లాడు. భూగర్భంలో వేడి కెల్విన్ అనుకున్నదానికంటే బాగా కదిలితే వయసు ఎన్నో రెట్లు పెరుగుతుందని ‘నేచర్’ పత్రికలో చూపించాడు. నేడు శాస్త్రం చెప్పే వయసు సుమారు 450 కోట్ల సంవత్సరాలు. కెల్విన్ అంకె తప్పు. అయినా 1862 నాటి ఆయన రాత మీద నాకు గౌరవమే ఉంది. నొచ్చుకోవలసింది 1897 నాటి కెల్విన్ విషయంలో. అప్పటికి ఆయన హద్దులను 2 నుంచి 4 కోట్లకు కుదించేశాడు. తెలియదని ఒకప్పుడు తానే రాసిన చోట, తెలిసినట్టే మాట్లాడాడు.

ఇక ఊహను దాచే పద్ధతి. దాచడమంటే చెప్పకపోవడం ఒక్కటే కాదు, అందరూ ఒప్పుకున్నట్టుగా చెప్పడం కూడా. 1835 ఫిబ్రవరి 2న ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వంలోని మెకాలే రాసిన విద్యా నివేదిక దీనికి పరాకాష్ఠ. తనకు సంస్కృతం, అరబ్బీ రావని అందులో ఆయన మొహమాటం లేకుండా చెప్పుకున్నాడు. చదివినవాడికి ఎంత నిజాయితీపరుడో అనిపిస్తుంది. కానీ వాదన బరువంతా మోసే ఊహ వేరేచోట ఉంది. ఈ ప్రాంతపు దేశభాషల్లో సాహిత్యం గానీ శాస్త్రం గానీ లేవని, వాటి ద్వారా పై చదువు ఇప్పట్లో సాధ్యం కాదని ఆయన అన్నాడు. దానికి ఒక్క రుజువూ ఇవ్వలేదు, ఆ సంగతిలో అన్ని పక్షాలూ ఏకీభవిస్తున్నాయన్న మాటతో దాటేశాడు. ఎవరా పక్షాలు? విద్యా సంఘంలో చెరో వైపు చీలిపోయిన కంపెనీ అధికారులు. ఆ భాషల్లో పాఠం చెప్పేవాళ్లు గానీ నేర్చుకునేవాళ్లు గానీ వాళ్లలో లేరు. దాంతో పోటీ సంస్కృతం, అరబ్బీ, ఇంగ్లిష్‌ల మధ్యే మిగిలింది, మాతృభాష ఆటలోకే రాలేదు. మెకాలే మాట బెంగాల్ వైపు ప్రాంతం గురించి, కానీ దాని నీడ దేశమంతా పడింది. తెలుగు సంగతే చూస్తే, పావులూరి మల్లన సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి అప్పటికే శతాబ్దాలు దాటాయి. అయినా అదే ఏడాది మార్చి 7న, మెకాలే వైపే మొగ్గుతూ గవర్నర్ జనరల్ బెంటింక్ తీర్మానం వచ్చింది. ప్రశ్నలోనే జవాబు పెట్టేస్తే తీర్పుకు నెల రోజులు చాలు. ‘నిస్సందేహంగా’ లాంటి మాటలు ఎదురైన చోట ఆగి చూడమని అమెరికన్ తత్త్వవేత్త డేనియల్ డెన్నెట్ పాఠకులకు సలహా ఇచ్చింది ఇలాంటివాటి గురించే. రచయిత రుజువు చేయలేని మాటకే తరచు అలాంటి ఊతం కావలసి వస్తుంది.

దీనికి కొన్ని అభ్యంతరాలు రావచ్చు. ప్రతి ఊహనూ రాస్తూ పోతే వ్యాసం కదలదంటారు. నిజమే, కదలదు. దీనికి దారి 1958లో స్టీఫెన్ టుల్మిన్ రాసిన ‘ది యూజెస్ ఆఫ్ ఆర్గ్యుమెంట్’లో దొరుకుతుంది. ఆధారం నుంచి ముగింపుకు మనల్ని దాటించే సూత్రం మామూలుగా మాటల్లోకి రాదని, ఎవరైనా నిలదీసినప్పుడే వస్తుందని ఆయన చూపించాడు. కాబట్టి తీసేస్తే ముగింపు కూలిపోయే ఊహ ఏదో వెతికి, అదొక్కటి రాస్తే చాలు. అది రికార్డోకు పెట్టుబడి, కెల్విన్‌కు భూగర్భపు వేడి. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఊహను బాహాటంగా చెప్పడం కూడా ఒక ఎత్తుగడ కావచ్చు. 1798లో మాల్థస్ తన జనాభా వ్యాసాన్ని రెండు ప్రాతిపదికలు ప్రకటించి మొదలుపెట్టాడు. బతకడానికి తిండి కావాలన్నది ఒకటి, స్త్రీపురుషుల ఆకర్షణ ఎప్పటికీ పోదన్నది రెండు. వాటిని ఎవరు కాదంటారు? అసలు బరువు మోసింది మూడోది. జనాభా రెట్టింపులుగా, తిండి మాత్రం కూడికలుగా పెరుగుతాయన్న లెక్క. తిండి విషయంలో దానికి ఆయన చూపించిన ఆధారం పలచన. తిరుగులేని రెండు మాటల పక్కన నిలబడటం వల్ల దానికీ వాటి గౌరవం దక్కింది. ఈ అభ్యంతరాన్ని నేను ఒప్పుకుంటాను. కానీ మాల్థస్ మూడోదాన్నీ అంకెలతో సహా రాశాడు కాబట్టే తర్వాతివాళ్లు దాన్ని పంటల లెక్కలతో పోల్చి చూడగలిగారు. మెకాలే మాటకు ఆ అవకాశమే లేదు. మన తర్కశాస్త్రంలో ఇవన్నీ ఎప్పుడో ఉన్నాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. ఉన్నాయి. పొగ ఉంటే నిప్పుంటుందన్న సంబంధాన్ని వంటింటి ఉదాహరణతో సహా విడిగా చెప్పి తీరాలని నైయాయికులు నియమం పెట్టారు. ఆ నియమం మన పత్రికల సంపాదకీయ పేజీల్లో ఎంతవరకు కనిపిస్తోందన్నదే నా ప్రశ్న.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం తేవాలని ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఆ వాదం ఇప్పటికీ చల్లారలేదు. ఇంగ్లిష్ మీడియం కావాలనేవారి వాదన ఒక ఊహ మీద నిలబడి ఉంది. లెక్కలు, సైన్సు చిన్నప్పటి నుంచి ఇంగ్లిష్‌లో చదివితే ఇంగ్లిష్ వచ్చేస్తుందని. దాన్ని ఊహగా ఒప్పుకుని రాసినవాళ్లు తక్కువ. తెలుగే ఉండాలనేవారి వాదన మరో ఊహ మీద నిలబడి ఉంది. పుస్తకంలోని తెలుగు ప్రతి పిల్లవాడి ఇంటి భాషేనని. సవర, కోయ, లంబాడీ పిల్లల విషయంలో అది నిలవదు. రెండు వైపులా రాస్తున్న పెద్దలకు నా విన్నపం ఒకటే. ఈసారి రాసేటప్పుడు మీ ఊహను మొదటి పేరాలోనే పెట్టండి, మీ ముగింపు దాని మీదే ఆధారపడిందని కూడా రాయండి. పిల్లలకు బడిలో ఏ భాష ఉండాలో తేల్చే వాదనలో మనం ఏం అనుకుంటున్నామో ఎదుటివాడికి తెలియాలి.