నక్షత్రం గుర్తు చెప్పని సంగతులు

ఈసారి సమీక్షకు పుస్తకం కాదు, ఒక కాగితం తీసుకుంటున్నాను. మీ ఇంట్లో కూడా కరెంటు బిల్లుల మధ్య ఎక్కడో ఉండే ఉంటుంది: షుగర్ పరీక్ష రిపోర్టు. ఒక అంకె, పక్కన నక్షత్రం గుర్తు, ఎదురుగా 'సాధారణ పరిమితి'. 2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. సర్వే ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల పైచిలుకు. కాబట్టి దీనికి పాఠకులు తక్కువేమీ కాదు. రచనగా మాత్రం లోపాల పుట్ట.

మా పెదనాన్నగారి చీటీలో 152 అని ఉంది, పక్కన నక్షత్రం. ఉచిత శిబిరంలో, ఇడ్లీలు తిన్న గంటకు, వేలు గుచ్చి చూశారు. ఆ 'గంట' సంగతి చీటీలో లేదు. ఆయన అన్నం మానేశారు. పక్కింటాయన ఇచ్చిన మాత్రలు వేసుకుని చెమటలు పట్టి వణికిపోయారు. తర్వాత పద్ధతిగా చేయిస్తే పరగడుపున 94, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 121. ఆయనకు మధుమేహమే లేదు.

అసలు హద్దులేమిటి? ఎనిమిది గంటలు ఏమీ తినకుండా ఉన్నాక డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు, లేదా 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళు తాగిన రెండు గంటలకు 200, లేదా మూడు నెలల సగటును సూచించే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం. వీటిని చేరినా, లక్షణాలేవీ లేనప్పుడు రెండో ఫలితం కూడా అదే చెప్పాలి. పరగడుపున 101 వచ్చినవారికీ, 301 వచ్చినవారికీ మన కాగితం ఒకే నక్షత్రం వేస్తుంది. మొదటివారు నడక పెంచి మళ్ళీ చూపించుకోవాలి, రెండోవారు వెంటనే డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి. ఈ తేడా చెప్పని గుర్తు ఎందుకు?

126 అంకె వింతగా లేదూ? గ్లూకోజ్ అణుభారం 180 కనుక మిల్లీగ్రాములను 18తో భాగిస్తే లీటరుకు మిల్లీమోల్‌లు వస్తాయి. చేసి చూడండి: సరిగ్గా 7. 1997కి ముందు ఈ హద్దు 140. రెటీనా దెబ్బతినడం ఏ స్థాయి నుంచి పెరుగుతోందో చూసి నిపుణులు దాన్ని దించారు. అంటే ఇది మనుషులు ఆధారాలు చూసి గీసిన గీత. 125కీ 126కీ మధ్య అగాధమేమీ లేదు.

పైగా కొలతలోనే తేడాలుంటాయి. గాజుగొట్టంలో ఉన్న రక్తకణాలు కూడా గ్లూకోజ్‌ను ఖర్చు చేస్తూనే ఉంటాయి. గది ఉష్ణోగ్రతలో అలా వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. రక్తం తీసిన వేళ, పరీక్షించిన వేళ రెండూ అచ్చువేయాలని నేను పట్టుబట్టేది ఇందుకే. ఇంట్లో వాడే గ్లూకోమీటరుకు ఈ స్థాయిలో 15 శాతం అటూఇటూ అనుమతి ఉంది. అసలు విలువ 126 అయితే అది 107 చూపినా 145 చూపినా తప్పుపట్టలేం. ఇక ఇనుము లోపంతో రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ కనిపించవచ్చు.

నక్షత్రం లేదంటే అంతా బాగున్నట్టూ కాదు. పరగడుపు అంకె మామూలుగా ఉండి, రెండు గంటల అంకె హద్దు దాటేవారు ఉంటారు. మన జాతీయ కార్యక్రమం 30 ఏళ్ళు దాటినవారందరికీ పరీక్ష చేయమంటుంది. గర్భిణులకు వయసుతో పని లేకుండా చేయాలి. అమ్మకో నాన్నకో మధుమేహం ఉండి, మీకు నడుము చుట్టూ కొవ్వు పెరుగుతుంటే ముప్ఫై వచ్చేదాకా ఆగకండి.

ఈ కాగితంలో నేను క్షమించలేని లోపం వేరే ఉంది. మీ వయసు పిల్లల్లో మధుమేహం కొన్ని వారాల్లోనే బయటపడవచ్చు: తీరని దాహం, రాత్రిళ్ళు పదేపదే మూత్రం, తింటున్నా చిక్కిపోవడం. అప్పుడు ఏ వేళ చూసినా 200 దాటితే చాలు, రెండో పరీక్ష అక్కర్లేదు. దానికి వాంతులు, కడుపునొప్పి, ఆయాసం తోడైతే పరగడుపు పరీక్ష కోసం తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్ళాలి.