కోనసీమ పురుషసూక్తము: పాఠవిచారము

డేవిడ్ నైప్ 2015లో వెలువరించిన ‘వేదిక్ వాయిసెస్’ అను గ్రంథమునకు కోనసీమ ఆహితాగ్నులే వస్తువు. అందు వారి జీవితములు ప్రధానము. మేమిచ్చట విచారింపఁదలఁచినది పాఠమును.

ఈ సీమ వైదికులలో అధికులు తైత్తిరీయశాఖీయులు, ఆపస్తంబసూత్రులు. కావున అమలాపురము, కొత్తపేట, రాజోలు ప్రాంతముల అభిషేకవేళలందు సాధారణముగా వినవచ్చు పురుషసూక్తము ఋగ్వేద దశమమండలములోని 90వ సూక్తము కాదు, తైత్తిరీయారణ్యక తృతీయప్రశ్నములోనిది. మొదటిదాన ఋక్కులు 16, రెండవదాన 18. ముద్రిత ఋగ్వేదమును ముందిడుకొన్నవాఁడు ఆ యధిక ఋక్కులను చేర్పులని త్రోసివేయుట సులభము. మేమును ఒకప్పుడట్లే చేసితిమి.

కాని ఋగ్వేదపాఠమున ‘నేను’ అనువాఁడు లేఁడు. యజ్ఞము జరుగును, పురుషుఁడు విభక్తుఁడగును, లోకములు పుట్టును; చెప్పువాఁడు మఱుఁగుననే యుండును. తైత్తిరీయపాఠమున ఆ రెండు ఋక్కులలో నొకదానియందు ద్రష్ట ముందునకు వచ్చి, తమస్సున కావలనున్న యా మహాపురుషుని తానెఱుఁగుదునని పలుకును. సృష్టికథనము ఇచ్చట సాక్ష్యమైనది. ఆ ఋక్కు పిదపఁ జేరినదే కావచ్చును. అంతమాత్రమున దానిని వికారమనుట విమర్శ కాదు.

హీబ్రూ కీర్తనలలో 14వదియు 53వదియు దాదాపు నొక్కటియే. మొదటిదానియందు యెహోవా యను నామము ప్రధానము. రెండవదానియందు దేవుఁడను సామాన్యశబ్దమే కలదు. సంకలనకర్తలు రెంటిని నిలిపిరి. ఒకదానినిబట్టి వేఱొకదానిని దిద్దలేదు.

కోనసీమ పాఠమును వివరింపఁబూనిన పరిశోధకుఁడు సాయణుని ఋగ్వేదభాష్యముతోఁ దృప్తి నొందరాదు. తైత్తిరీయారణ్యకమునకును ఆయన భాష్యము కలదు. అందు ఆ రెండు ఋక్కులను ఆయన విడువలేదు.