ముసుగు కవి ప్రాసలు

పద్యమును కంటితో గాక చెవితో పరీక్షించుట ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పండితులకు క్రొత్త గాదు. దుర్భాక రాజశేఖర శతావధానియు, గడియారము వేంకటశేష శాస్త్రియు రాజశేఖర వేంకటశేష కవులను పేర జంటగా అవధానములు గావించినది ఈ సీమ యందే. ఆ చెవులకే నేడు హిప్ హాప్ అను అమెరికా గేయరీతి సోకుచున్నది. తాళమున కనుగుణముగా మాటలను వడివడిగా పఠించుట దీని స్వరూపము. ఇది కేవల ఘోషయని త్రోసివేయుటకు ముందు దీని శబ్దనియమ మెట్టిదో విచారింపవలసి యున్నది. అందులకు 2004లో వెలువడిన 'మాడ్‌విలనీ' తగిన లక్ష్యము.

ఇందు 22 ఖండికలు కలవు; అన్నియు కలిసి రమారమి ముప్పావు గంట. పెక్కింటికి పల్లవి లేదు. మాడ్లిబ్ పాత రికార్డుల తునుకలను కోసి, అతికి, వాద్యభాగమును కూర్చెను. పదకర్త 2020లో గతించిన ఎం.ఎఫ్. డూమ్. ఇతడు లోహపు ముసుగు ధరించి, బొమ్మల కథలలోని ప్రతినాయకుని వేషమున, తన్ను గూర్చి తానే ప్రథమ పురుషమున చెప్పుకొనును.

తెలుగు ప్రాసయందు హల్లు మారరాదు, అచ్చు మారవచ్చును. కలిమి, బలము, చెలువు అనునవి ప్రాసకు చెల్లును. డూమ్ రచనయందు తరచుగా దీనికి విపర్యయము కానవచ్చును: అచ్చుల వరుస నిలుచును, హల్లులు మారును. 'మానవాళి', 'పాటగాడి' అను జంట దీనికి తెలుగు ఉదాహరణము కాగలదు. నాలుగక్షరములందును అచ్చులు సమములు, హల్లులన్నియు వేరు. ఇట్టి మైత్రి పాదాంతముననే గాక నడుమను వచ్చును. ఒకే వరుస పెక్కు పాదముల దాక సాగును. వృత్తములందు వలెనే వాక్యము పాదాంతమును దాటిపోవును.

దీనిని ఆశుకవిత్వమనుట పొరబాటు. విడుదలకు ఏడాదికి పైగా ముందే దీని తొలిరూపము దొంగచాటున బయల్పడగా, డూమ్ తన పఠనమును మంద్రస్వరమున, నిదానముగా మరల చేసెను. అవధానికి ఈ వెసులుబాటు లేదు. నోట వెడలినది వెడలినదే. కావున దీనిని శిల్పముగనే కొలువవలెను.

అట్లు కొలిచినచో దోషములును కానవచ్చును. అచ్చుల గొలుసు తెగకుండుటకై అక్కడక్కడ అర్థము పలుచనగును. అమెరికా బొమ్మల కథలు, టెలివిజను ముచ్చట్లు ఎరుగనివారికి టీక లేక బోధపడదు. అయినను యతిప్రాసలకై వ్యర్థపదములు చొప్పించిన పద్యములు తెలుగునను తక్కువ గావు. దోషము నియమమునది గాదు, నియమమునకు లొంగిన కవిది.

పాఠశాలలో ప్రాసలక్షణమును వల్లించియు దానిని చెవితో గుర్తింపలేని బాలుడు, ఇట్టి పాటలోని శబ్దమైత్రిని ఎవ్వరును చెప్పకయే పట్టుకొనును. పండితుడు అచటినుండి ఆరంభించి, అచ్చు నిలుచుటకును హల్లు నిలుచుటకును గల భేదమును చూపినచో, తెలుగు ప్రాస ఆ బాలునికి సూత్రము గాక శ్రవణానుభవ మగును. పాటను నిందించి ఊరకున్నచో అతడు పాటను విడువడు, పద్యమునే విడుచును.