వెనక నుంచి తోసే బరువు

పోయిన శనివారం డాలస్‌లో మా తమ్ముడి పికప్పుకు క్యాంపర్ తగిలించుకుని బయల్దేరాం. బ్రేక్ కంట్రోలర్ ముందురోజే ఒక షాపులో పెట్టించాడు. మొదటి స్టాప్ సైన్ దగ్గర బ్రేకు తొక్కితే పికప్పు ఆగింది గానీ, వెనకున్న క్యాంపర్ ఒక్క తోపు తోసింది. డాష్ కింద పెట్టె చూస్తే గెయిన్ అంకె దాదాపు సున్నా. పెట్టె బిగించి డబ్బు తీసుకున్నారు, రోడ్డు మీద సెట్ చెయ్యలేదు. ఒళ్ళు మండింది.

ఆ తోపు నాకు చిన్నప్పుడే తెలుసు. అనకాపల్లి దగ్గర మా ఊళ్ళో చెరకు తోలే రోజుల్లో మావయ్య ట్రాక్టరు మడ్‌గార్డు మీద కూర్చునేవాణ్ణి. తొట్టికి బ్రేకుల్లేవు. చెరువు కట్ట దిగే ముందు బండి ఆపి కిందికి వంగేవాడు. కుడి, ఎడమ చక్రాల బ్రేకు పెడళ్ళను కలిపే కొక్కెం పడిందో లేదో చేత్తో తడిమి చూసేవాడు. పడకపోతే ఒక్క చక్రమే పట్టుకుని ట్రాక్టరు పక్కకు లాగేస్తుంది, వెనక తొట్టి దాన్ని మడిచేస్తుంది. ఆ తర్వాతే కింది గేరు వేసి మెల్లగా దించేవాడు. "దిగుతూ దిగుతూ గేరు మార్చకూడదురా అల్లుడూ, కట్ట మీదే తేల్చుకోవాలి" అనేవాడు. దిగినంతసేపూ లోడు ట్రాక్టరును నెడుతున్న సంగతి నా వెన్నుకు తెలిసేది.

క్యాంపర్‌కు ఆ కష్టం లేదు. దాని డ్రమ్ముల్లో అయస్కాంతాలుంటాయి. కంట్రోలర్ ఎంత కరెంటు పంపితే అంత గట్టిగా డ్రమ్మును కరుచుకుని, మీటను లాగి, బ్రేకు షూలను తెరుస్తాయి. ఎంత పంపాలో చెప్పేది గెయిన్.

రెడీమేడ్ ప్లగ్గులొద్దు, తీగలు మన చేత్తో కలుపుకోవాలి అని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో మీకు తెలుసు. తప్పు పట్టుకుందామనే డాష్ కింద దూరాను. నలుపు బ్యాటరీకి, తెలుపు గ్రౌండుకు, ఎరుపు బ్రేకు లైటు స్విచ్చికి, నీలం ట్రెయిలర్ బ్రేకులకు. నాలుగూ ఒకే ప్లగ్గులో, లాగినా కదలనంత బిగువుగా ఉన్నాయి. మెలితిప్పి టేపు చుట్టిన అతుకు గతుకుల రోడ్డు మీద అంతకాలం నిలవదు. నా పాత మాట వెనక్కి తీసుకుంటున్నాను. తీగల పని ప్లగ్గుకే వదిలెయ్యండి. అయితే క్యాంపర్ ట్యాంకులో ఎన్ని గ్యాలన్ల నీళ్ళున్నాయో ప్లగ్గుకు తెలియదు; ఆ బరువుకు తగ్గ గెయిన్ మనమే చూసుకోవాలి.

ఖాళీ రోడ్డు చూసుకుని గంటకు 25 మైళ్ళ వేగంలో తమ్ముడు కంట్రోలర్ మీది చేతి మీట నొక్కాడు. చక్రాలు బిగుసుకుని జారేదాకా గెయిన్ పెంచి, కొంచెం తగ్గించాం. ఆరున్నర దగ్గర కుదిరింది. ఆ తర్వాత క్యాంపర్ తోయలేదు.

ఈ వారాంతం ట్రెయిలర్ తీసేవాళ్ళు సామానంతా ఎక్కించి, నీళ్ళు నింపాకే గెయిన్ సెట్ చేసుకోండి. దారిలో ట్రెయిలర్ ఊగడం మొదలుపెడితే కాలి బ్రేకు తొక్కకండి. ఆ చేతి మీటను మెల్లగా నొక్కండి.