చింతచెట్ల ఊరికి కాలినడకన

చింతామణి తాలూకా బట్లహళ్ళి నుంచి బాగేపల్లి దాకా ఎటు తిరిగినా కనిపించేది చెరువు కట్టే. సముద్రం మనకి దూరం. ఏడాది పొడుగునా పారే ఏరూ లేదు. చిత్రావతి, పాపాఘ్ని వానొస్తేనే ఏళ్ళు. అందుకే నీటిపక్షుల్ని చూడాలనుకుంటే మనవాళ్ళు రంగనతిట్టుకో, పులికాటుకో బయలుదేరతారు. అంత దూరం పోనక్కర్లేదు. బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రలో అడుగుపెడితే అది శ్రీ సత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలం. ఆ మండలంలోనే వీరాపురం ఉంది. అక్కడ గైడు అక్కర్లేదు. రెండు కాళ్ళు, కాస్త ఓపిక ఉంటే చాలు.

ఏటా జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఎర్రకాళ్ళ కొంగలు ఆ ఊళ్ళో దిగుతాయి. ఊరి బయట కాదు, ఇళ్ళ మధ్యనున్న చింతచెట్లమీదే గూళ్ళు కడతాయి. గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకి రెక్కలొచ్చాక వానాకాలంలో వెళ్ళిపోతాయి. ఊరివాళ్ళు వాటిని కొట్టరు, తరమరు. కొంగలొస్తే వానలు పడతాయి, పంట పండుతుంది అని వాళ్ళ నమ్మకం. నాకు ఆ నమ్మకంలో నిజం కనిపిస్తుంది, వరస మాత్రం వేరు: కిందటి వానలకి చెరువులు నిండిన ఏడాదే కొంగ ధైర్యంగా గూడు కడుతుంది.

పేపర్లలోనూ, జనం నోటా ఇవి ‘సైబీరియా కొంగలు’ అయిపోయాయి. అది పొరపాటు. ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్ అనే ఈ పక్షి పక్కా మన ఉపఖండానిది. నీళ్ళెక్కడుంటే అక్కడికి ఈ చెరువు నుంచి ఆ చెరువుకి తిరుగుతుంది తప్ప మంచుదేశాల నుంచి రాదు. ఈ సంగతి తెలుసుకోవడం చాలా అవసరం. వచ్చిపోయే అతిథి అనుకుంటే దాని బాగోగులు ఎవరో ఎక్కడో చూసుకుంటారనిపిస్తుంది. మన పక్షే అని తెలిస్తే, దాని బతుకు మన చెరువులతో ముడిపడి ఉందని అర్థమవుతుంది.

ఈ జాతి ఎక్కువగా నీళ్ళ నడుమనుండే చెట్లనే ఎంచుకుంటుంది, పిల్లీ నక్కా ఈదుకుని రావు కనక. 1940లో పక్షి శాస్త్రవేత్త సాలీం అలీ చొరవతో అభయారణ్యమైన రంగనతిట్టులో కావేరి లంకలమీద గూళ్ళు కడుతుంది. పులికాటు దగ్గరి నేలపట్టు చెరువులో గూడబాతులు కూడా నీళ్ళలో నిలబడ్డ కడప చెట్లనే నమ్ముకున్నాయి. వీరాపురంలో చింతచెట్టు చుట్టూ నీళ్ళు లేవు, మనుషులున్నారు. ఏట్లో లంక ఎలాగో కొంగకి ఆ ఊరు అలాగ. ఆ కాపలా ఒక్కరోజు తప్పినా లంక మునిగినట్టే. అందుకే అక్కడ నడిచే మనిషి ముందు ఊరివాళ్ళ పద్ధతి నేర్చుకోవాలి.

బండి ఊరి బయటే ఆపండి. హారన్ వద్దు, పాటలు వద్దు, డ్రోను అసలే వద్దు. తెల్లవారగానే చేరుకుంటే మంచిది. మెరిసే రంగుల బట్టలు ఇంట్లో పెట్టి రండి. అందరిళ్ళ ముందునుంచే నడవాలి కాబట్టి, అరుగుమీద కూర్చున్న పెద్దాయన్ని పలకరించి, “ఏం తాతా, ఈ ఏడు బాగా దిగినాయా?” అని అడిగి ముందుకి కదలండి. ఏ చెట్టు దగ్గర నిలబడొచ్చో ఆయనే చెబుతాడు. ఎండని వీపు వెనక ఉంచుకుని, చెట్టుకి కాస్త ఎడంగా నిలబడి, ఒక్క గూటినే చూడండి. పది చెట్లు చుట్టొచ్చినవాడికంటే ఒక గూటి ముందు గంటసేపు నిలబడ్డవాడికే ఎక్కువ కనిపిస్తుంది.

ముందు చెవిన పడేది గోల. అది పిల్లలది. పెద్దకొంగకి చెప్పుకోదగ్గ గొంతు లేదు, ముక్కు టకటకలాడించడమే దాని మాట. పసుపు ముక్కు చివర కొంచెం కిందికి వంగి ఉంటుంది, తలమీద ఈకల్లేని నారింజరంగు చర్మం, రొమ్ముమీద నల్లటి పట్టీ, తోక దగ్గర గులాబీరంగు ఈకలు. తల్లో తండ్రో వచ్చి వాలగానే పిల్లలు మెడలు సాచి అరుస్తాయి. పెద్దది గొంతులోంచి చేపల్ని గూట్లో కక్కుతుంది, అవి ఎగబడి ఏరుకుంటాయి. ఎండ ముదిరితే పెద్దకొంగ రెక్కలు సగం విప్పి, పిల్లలమీద నీడ పడేలా నిలబడిపోతుంది. అలా నిలబడ్డప్పుడు మీరు చప్పట్లు కొట్టి లేపారనుకోండి, నీడ పోతుంది, పిల్లలు ఎండకి వాడిపోతాయి, గుడ్లుంటే కాకులు ఎత్తుకుపోతాయి. ఎగరేసి ఫొటో తీసుకునేవాళ్ళని చూస్తే నాకు కడుపు మండేది ఇందుకే.

ఊరు చూశాక నడక అయిపోయిందనుకోకండి. కొంగలు ఎటు ఎగిరిపోతున్నాయో చూసి, అటువైపున్న చెరువు కట్ట ఎక్కండి. చాలామంది వదిలేసేది ఈ సగాన్నే. కొంగ చేపని కంటితో చూసి పట్టదు. మోకాటి లోతు కూడా లేని నీళ్ళలో ముక్కు సగం తెరిచి ముంచి, అటూ ఇటూ ఊపుతూ, కాలితో బురద కదిలిస్తూ నడుస్తుంది. ముక్కుకి చేప తగలగానే టక్కున మూస్తుంది. ఎండలు మొదలై చెరువు ఇంకుతుంటే చేపలన్నీ తక్కువ నీళ్ళలోకి చేరతాయి. పిల్లల ఆకలి పెరిగేదీ ఆ రోజుల్లోనే.

ఇప్పుడు మన చెరువులు చూడండి. పూడిక తీత పేరుతో జేసీబీలు దింపి, నిట్టనిలువు ఒడ్లతో పెట్టెలా తవ్వుతున్నాం. అందులో నీళ్ళుంటాయి, చేపలుంటాయి, కొంగకి కాలు పెట్టే చోటు మాత్రం ఉండదు. బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్ళు 2018 నుంచి కె.సి. వ్యాలీ పథకం కింద కోలారు వైపు చెరువుల్లోకి వస్తున్నాయి. బోర్లు ఎండిన సీమకి అది పెద్ద ఊరటే. కానీ ఏడాదంతా ఒకే మట్టాన నిండి ఉండే చెరువు కొంగకి పనికిరాదు.

వీరాపురంలాగే ఊళ్ళోనే కొంగలు గూళ్ళు కట్టే మండ్య జిల్లా కొక్కరె బెళ్ళూరులో వాటి రెట్ట పొలానికి ఎరువవుతుంది. గూళ్ళున్న చెట్ల కాయ కోసుకోనందుకు యజమానులకి అటవీశాఖ పరిహారం ఇస్తుంది. 2007లో ఆ ఊరు కమ్యూనిటీ రిజర్వ్ అయింది. చెట్టుకి అక్కడ లెక్క కట్టారు. చెరువు ఒడ్డుకి ఇంకా ఎవరూ కట్టలేదు.

చింతామణి, చేళూరు, బాగేపల్లి రైతులకి నా మనవి ఒక్కటే. మీ ఊరి చెరువు పూడిక మాట గ్రామసభలో వచ్చినప్పుడు, తూము వైపు ఎంత లోతైనా తవ్వుకోమనండి. కట్టకి ఎదురుగా నీళ్ళొచ్చి చేరే వైపు ఒడ్డుని మాత్రం ఏటవాలుగా వదలమని అడగండి, ఆ మాట తీర్మానంలో రాయించండి.