బెట్స్ వయసు 43

స్మిత్ బెట్స్ కేసులో 1942లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చదివినప్పుడల్లా ఒకచోట ఆగిపోతాను. అతని వయసు 43, మామూలు తెలివితేటలున్నవాడు, ఇదివరకోసారి దొంగతనం ఒప్పుకుని శిక్ష అనుభవించాడు కాబట్టి కోర్టు వ్యవహారం బొత్తిగా కొత్త కాదు అంటుందా తీర్పు. లాయరు లేకపోయినా అన్యాయం జరగలేదనడానికి చూపిన కారణాల్లో ఇవీ ఉన్నాయి. పాత శిక్షను అనుభవం కింద జమకట్టిన ఆ మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మేరీలాండ్‌లోని కారొల్ కౌంటీలో అతని మీద దోపిడీ కేసు. లాయరును ఇప్పించమంటే, హత్య, అత్యాచారం కేసుల్లో తప్ప ఇక్కడ ఇవ్వరని చెప్పాడు జడ్జి. 8 ఏళ్ల శిక్ష పడింది. హెబియస్ కార్పస్ పిటిషన్ వేస్తే తిరస్కరించారు. సుప్రీంకోర్టు 6-3తో దాన్నే ఖాయం చేసింది.

ఫ్లోరిడాలో క్లారెన్స్ గిడియన్‌కీ అదే గతి. పనామా సిటీలోని ఓ పూల్‌రూమ్‌లో చొరబడి దొంగతనానికి దిగాడని కేసు, 1961లో విచారణ, 5 ఏళ్ల జైలు. లాయరు తన హక్కని సుప్రీంకోర్టే చెప్పిందని జడ్జితో వాదించాడు. బెట్స్ తీర్పు అమల్లో ఉన్న ఆ రోజున అది తప్పు మాట. రాష్ట్ర సుప్రీంకోర్టు అతని హెబియస్ కార్పస్ పిటిషన్‌ను కొట్టేశాక, జైలువాళ్లిచ్చిన గీతల కాగితం మీద పెన్సిల్‌తో అమెరికా సుప్రీంకోర్టుకు రాసుకున్నాడు.

1942లో అసమ్మతి తెలిపిన జస్టిస్ హ్యూగో బ్లాకే గిడియన్ కేసులో 1963 మార్చి 18న కోర్టు తీర్పు రాశారు. ఈసారి తొమ్మిదిమందిదీ ఒకే నిర్ణయం. బెట్స్ తీర్పు ముద్దాయిని తూకం వేసింది. బ్లాక్ కోర్టు హాలును చూశారు: ప్రభుత్వం డబ్బిచ్చి ప్రాసిక్యూటర్లను పెట్టుకుంటుంది, డబ్బున్న ముద్దాయి లాయరును పెట్టుకుంటాడు, మరి లేనివాడికి మాత్రం ఎందుకక్కర్లేదు? చట్టం చదవనివాడు ఎంత బాగా వాదించుకోగలడో గిడియన్ అంత బాగానే వాదించుకున్నాడని ఒప్పుకుంటూనే, దాన్ని అతనికి వ్యతిరేకంగా వాడలేదు. నాకు బాగా నచ్చింది ఇదే.

ఒక్కచోట మాత్రం బ్లాక్‌తో ఏకీభవించలేను. బెట్స్ తీర్పే పాత తీర్పుల దారి తప్పిందన్నారాయన. కానీ ఆయన ఆధారం చేసుకున్న పాత తీర్పుల్లో ఒకటైన 1932 నాటి స్కాట్స్‌బరో తీర్పు మరణశిక్ష కేసుకు సంబంధించింది. దాన్ని అంతదూరం లాగడం సరికాదన్న తోటి జడ్జి హార్లన్ అభ్యంతరమే సబబు.

బెట్స్ కేసులో తేలాల్సింది ఎవరి సాక్షుల్ని నమ్మాలన్న చిన్న విషయమేనని 1942 తీర్పు అంది. సాక్షుల సంగతి అంత చిన్నదేం కాదు. 1963 ఆగస్టులో గిడియన్‌ను మళ్లీ విచారించారు, ఈసారి అతనికి లాయరున్నాడు. తనను ఎక్కించుకున్నట్టు ఎవరికీ చెప్పొద్దని గిడియన్ అన్నాడని టాక్సీ డ్రైవర్ సాక్ష్యం. అంతకుముందు కూడా అలా అనేవాడా అని అడిగాడు లాయరు. ఎప్పుడూ అనేవాడు, భార్యతో గొడవలట, అన్నాడు డ్రైవర్. జ్యూరీ దాదాపు గంటలో తిరిగొచ్చి నిర్దోషి అంది.